ఐదో అంతస్తు ఆయకట్టు

సుజల నిలయమనే ఐదంతస్తుల భవనాన్ని కట్టించుకున్న పెద్దలందరూ నీటిపారుదల శాఖలో తలలు నెరిసి పింఛను పుచ్చుకుంటున్న ఇంజనీరులే గనుక, ఆ ప్రహరీగోడ లోపల ఏది ప్రవహించినా వారి లెక్కకు అది కాలువే. కరెంటు తీగను వారు కుడి కాలువ అనేవారు, వంటగ్యాసు గొట్టాన్ని ఎడమ కాలువ అనేవారు. ఎవరింటికైనా పెళ్లివారు మెట్లెక్కి వస్తే, ఎగువకు ఎందరు పోయారో, దిగువకు ఎందరు దిగారో చూసి, మధ్యలో తగ్గినవారిని ఆవిరి నష్టం కింద కొట్టివేసేవారు. రాజమహేంద్రవరం పొలిమేరలో వెలసిన అటువంటి దివ్యక్షేత్రంలోకి ఒకనాడు ఇంటర్‌నెట్టు వేంచేసింది.

అపార్ట్‌మెంటు మొత్తానికి ఉమ్మడి నెట్టు పెట్టుకోవడం ఊళ్లో ఆ ఏడు పుట్టిన వేలంవెర్రి. వీధిలోంచి లావుపాటి తీగ ఒకటి తెచ్చి, కింద ఒక గదిలో పెద్ద పెట్టెకు తగిలిస్తారు. అక్కడినుంచి ప్రతి ఇంటి గోడలోకీ ఒక సన్న తీగ వస్తుంది. ఇంటివారు ఒక రౌటరు కొనుక్కుని ఆ గోడ రంధ్రంలో గుచ్చుకుంటే, తక్కిన పని గాలి చూసుకుంటుంది. ఇతర భవనాల్లో ఈ కథ ఇక్కడితో సమాప్తం. సుజల నిలయంలో మాత్రం ఇది కేవలం సంకల్పం.

సంఘాధ్యక్షులు చీఫ్ ఇంజనీరుగా రిటైరైన వేమవరపు కోదండపాణి గారు. కట్టుకున్న భార్య కూడా ఆయనను చీఫ్ గారనే పిలిచేది. ఆయన ఆ లావుపాటి తీగను అరచేత్తో ఒకసారి నిమిరి, ఇదే మన హెడ్ వర్క్స్ అన్నారు. ఆ ఒక్క మాటతో కిందిగది జలాశయమైంది. సన్న తీగలు పిల్లకాలువలైనాయి, గోడ రంధ్రాలు తూములైనాయి, భవనంలో కాపురముంటున్న జీవులు ఆయకట్టుదారులైనారు. గదికి తాళం వేసే కాపలాదారు బంగారయ్య, కాలువల మీద గేట్లు ఎత్తి దించే లస్కరు పదవికి నోచుకున్నాడు. కొత్తగా నిబంధనలు రాసే శ్రమ కూడా ఎవరూ పడలేదు. కాలువల నాటి పాత నిబంధనలనే తీసి, నీరు అన్నచోటల్లా నెట్టు అని దిద్ది, అలవాటు ప్రకారం చదవకుండా సంతకాలు చేశారు.

ఆ శ్రావణమాసంలో ఐదో అంతస్తులోకి వకుళ అద్దెకు దిగింది. భర్త రాజమన్నారు గుమాస్తాగా ఉన్న రైసుమిల్లు మూతపడగా, అతడు మరో కొలువు కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో ఉన్నది ఆమె, అత్తగారు పేరిందేవమ్మ. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రివారు వకుళకు ఒక ఉద్యోగం చూపించారు. డాక్టర్లు రోగిని పరీక్షిస్తూ గొణిగే మాటలను ఇంట్లో కూర్చునే చెవిన వేసుకుని, వెనువెంటనే శుభ్రంగా టైపు చేసి పంపాలి. డాక్టర్లు మందుల చీటీ ఎలా రాస్తారో మాట్లాడటమూ అలాగే మాట్లాడుతారు. వకుళ చెవి మాత్రం గట్టిది. ఎంతటి ముద్దమాటైనా, ఎవరి పరిభాషైనా, రెండు రోజులు వింటే ఆమెకు వంటబట్టేది.

చిక్కల్లా ఒక్కటే. నెల రోజులు పరీక్ష పెట్టారు. పొద్దున్న పది మొదలు మధ్యాహ్నం రెండు దాకా నెట్టు తెగకూడదు, తెగితే ఆ పీటమీద మరొకరు కూర్చుంటారు. రోగుల గుట్టు గనుక పరాయిచోట కూర్చుని చేయడానికి వీల్లేదు, సొంత ఇంటి తలుపులు వేసుకునే చేయాలి. ఇంటికి రాగలిగిన జీతం అదొక్కటేనని వకుళకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా అదే గుర్తుచేసేది.

రౌటరు వచ్చిన రోజున అత్తగారు ఆ అట్టపెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి, హారతి కూడా ఇవ్వబోతే, ప్లాస్టిక్కు కరుగుతుందని కోడలు ఆపింది. దాన్ని గోడ రంధ్రానికి తగిలించగానే నవగ్రహాల్లా దీపాలు వరసగా వెలిగాయి. రౌటరుకు ఒక పేరు పెట్టమని ఫోను అడిగింది. ఇంట్లో ఒక్క వస్తువైనా తన పేరున లేదని పేరిందేవమ్మ నిష్ఠూరమాడేసరికి, వకుళ ఆ పేరే పెట్టింది. ఫోనులో పేరిందేవి ప్రత్యక్షమైంది గాని, నెట్టు మాత్రం రాలేదు. దీపాల్లో ఒకటి అలిగిన అంగారకుడిలా ఎర్రబడి అలాగే ఉండిపోయింది.

అది చల్లారక ముందే తలుపు చప్పుడైంది. వచ్చినవారు సంఘం కార్యదర్శి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా దిగిపోయిన కూచి విఘ్నేశ్వరం గారు. ఆయన వెనక బంగారయ్య.

"అమ్మా, తమరు ప్రధాన కాలువకు గండి కొట్టారు," అన్నారు విఘ్నేశ్వరం గారు, సంతాప సభలో మాట్లాడినంత నెమ్మదిగా.

తాను రౌటరు తగిలించానే తప్ప ఏమీ కొట్టలేదని వకుళ చెప్పుకుంది. దానినే శాస్త్రంలో అనధికార తూము అంటారని ఆయన బోధించారు. పేరిందేవమ్మ చాప మీదినుంచి తల ఎత్తింది.

"గండి కొడితే ఇల్లు తడవాలి కదటయ్యా. నా చాప కొసైనా చెమ్మగిల్లలేదే."

"తడవకపోవడం మా నిఘా తల్లీ. గేటు మూసే ఉంచాం."

తూము కావలసినవారు అర్జీ పెట్టుకోవాలని, అర్జీ మీద స్థల తనిఖీ జరుగుతుందని, తనిఖీ మీద సంఘం తీర్మానిస్తుందని, అంతవరకు రౌటరును వస్త్రంతో కప్పి ఉంచాలని ఆదేశించి ఆయన దిగిపోయారు. వకుళ అర్జీ పెట్టుకుంది. ఈలోగా వసారా మూల నిలబడితే ఫోనులో ఒకటి రెండు గీతల సొంత నెట్టు అందేది. దానితోనే ఆస్పత్రికి తగులుకుని పని మొదలుపెట్టింది. ఆ గొంతు అడుగడుగునా తెగేది. ఒకనాడు డాక్టరు "రోగికి కుడి" అన్నంతవరకు వచ్చి ఆగిపోయింది. కుడి ఏమిటో వకుళ సొంతంగా పూరించలేదు గనుక ఆ రోగి అన్ని అవయవాలతోనూ బతికి బయటపడ్డాడు. ఆస్పత్రి సూపర్‌వైజరు సంధ్యావళి మంచిదే గాని, మంచితనానికి కూడా ఒక హద్దుంటుందని ఆ సాయంత్రమే సౌమ్యంగా కబురు చేసింది.

స్థల తనిఖీకి చీఫ్ గారు స్వయంగా విచ్చేశారు. ముక్కాలిపీట మీద దుర్భిణి లాంటి లెవెల్ యంత్రం, అంకెలు గీసిన పొడవాటి కొలత కర్ర, ఆ కర్ర పట్టుకున్న బంగారయ్య, అతడిని నిటారుగా నిలబడమని అదిలించే కార్యదర్శి, ఈ పరివారమంతా మెట్ల మీద అంతస్తు అంతస్తుకూ మజిలీ చేస్తూ పైకి చేరింది. చీఫ్ గారు దుర్భిణిలోంచి వకుళ వంటింటి గడపను చాలాసేపు చూసి, ఒక నిట్టూర్పు విడిచి, యంత్రానికి మూత పెట్టేశారు.

"మీ ఇల్లు మా కమాండ్ ఏరియాలోకి రాదమ్మా. జలాశయం కన్నా మీరు బాగా ఎత్తున ఉన్నారు. నీరు ఎక్కదు."

నెట్టు నీరు కాదని, తీగ ఎంత పైకిపోతే అంత పైకి వస్తుందని, కావాలంటే ఒక్కసారి గేటు తీసి చూడమని వకుళ బతిమాలింది.

"ప్రవహించే పదార్థానికి శాస్త్రం ఒక్కటే తల్లీ. అది ఎక్కుతానని సరదా పడ్డా, పద్ధతి ప్రకారం మనం ఎక్కనివ్వకూడదు."

ఆకాశగంగను నేలకు దింపిన వృత్తాంతం పురాణాలలో ఉన్నది గాని, నేల మీది గంగను ఐదో అంతస్తుకు ఎక్కించిన పూర్వోదాహరణ ఎక్కడా లేదని కార్యదర్శి వినయంగా తోడు పలికారు. పేరిందేవమ్మ మాత్రం, దింపినవాళ్లు తపస్సు చేసి దింపారని, పెన్షను తీసుకుని కాదని, అందరికీ వినబడేంత గట్టిగా తనలో తాను అనుకుంది.

అయితే చీఫ్ గారు కఠినాత్ములు కారు. ఎదుటివారి కష్టం చూస్తే కరిగి, ఒక ఉపసంఘం వేసేవారు. ఆ ఉపసంఘం మేడమీద కుర్చీలు వేసుకుని, మెట్ట ప్రాంతమైన ఐదో అంతస్తుకు ఏ పైరు మంజూరు చేయవచ్చునా అని కూలంకషంగా చర్చించింది. వీడియో అంటే వరి. మోకాలి లోతున నిలవ ఉంటే తప్ప పండదు గనుక అది కిందివారికే చెల్లు. బొమ్మలు చెరకు. అక్షరాలూ అంకెలూ పెసలూ జొన్నలూ, అంటే ఆరుతడి పైర్లు, తడి తగిలితే చాలు. ఇంతవరకు భిన్నాభిప్రాయం లేదు. మరి మనిషి గొంతు ఏ పంట? ఇక్కడ సభ రెండుగా చీలింది. నాలుగో అంతస్తులో, సరిగ్గా వకుళ కాళ్ల కింద ఉండే ఈడ్పుగంటి దశరథరామం గారు గొంతును అపరాల్లో చేర్చాలన్నారు. డాక్టరు గొంతు మీద జీతం వస్తుంది గనుక అది పొగాకేనని, వాణిజ్య పంట గనుక అసలు తడి పెట్టకూడదని విఘ్నేశ్వరం గారు పట్టుబట్టారు. చివరకు చీఫ్ గారు ఉభయులనూ శాంతింపజేసి, గొంతును మిరపగా నిర్ణయించారు. మిరపకు నీరు పారించవచ్చు, నిలవ పెట్టరాదు. ఆ లెక్కన వకుళకు గొంతు రావచ్చు గాని ఆగి ఉండరాదు.

ఆ తీర్మానం మీద రౌటరుకు తాత్కాలిక అనుమతి లభించింది. దానితోబాటే వారబందీ కూడా వచ్చింది. ఉన్న నీటిని రోజుకొకరి వంతున పంచుకోవడాన్ని కాలువల మీద అలా అంటారు. ఒకరి వంతు నడుస్తుంటే తక్కినవారి గేట్లు బంగారయ్య మూసి ఉంచుతాడు. కింది అంతస్తువారికి, అంటే కాలువ మొదట్లో ఉన్నవారికి, వంతులతో నిమిత్తం లేకుండా ఎల్లప్పుడూ పారుతుంది. వారికి ఆపితే కాలువ అవమానంగా భావిస్తుందట. ఐదో అంతస్తు వంతు ఆదివారం పూట.

ఆస్పత్రిలో డాక్టర్లు కూర్చోని రోజు ఆదివారమేనని వకుళ వెళ్లి చెప్పుకుంది. విఘ్నేశ్వరం గారు సానుభూతితో తల ఊపారు. శివారు భూములకు వంతు కలిసిరాకపోవడం తాను సర్వీసులో చేరిన నాటినుంచీ చూస్తున్న బాధేనని, దానిపై మూడు ప్రత్యేక నివేదికలు కూడా సమర్పించానని అన్నారు.

"రోగులనే కాస్త ఆదివారానికి సర్దుకోమనండమ్మా. ఆయకట్టు అన్నాక అందరూ కలిసి రావాలి."

"వాళ్లు జబ్బులకు వారబందీ పెట్టుకోలేదండీ," అంది వకుళ.

"అదే మన దేశంలో ఉన్న లోపం," అన్నారాయన.

ఆదివారం వచ్చింది. బంగారయ్య కింద గేటు తీశాడు. పైన అంగారకుడు పచ్చబడ్డాడు. పని లేకపోయినా వకుళ ఆ పచ్చదీపాన్ని చూస్తూ చెవులకు గొట్టాలు తగిలించుకుని, ఆస్పత్రివారు అభ్యాసానికి ఇచ్చిన పాత గొంతులు విన్నది. మాట మాటా ముత్యంలా వినబడింది. ఒక్క వారం ఇలా ఉంటే చాలు, ఉద్యోగం నిలబడిపోతుందని ఆమె అనుకుంటూ ఉండగానే కింద నాలుగో అంతస్తులో కలకలం పుట్టింది.

దశరథరామం గారు మధ్యాహ్న భోజనం చేసి, పడగ్గదిలో నడుం వాల్చి ఫోను తీయగానే అందులో పేరిందేవి కనిపించింది. ఆయన ధర్మపత్ని కనకవల్లి అది చూసింది. మన పడగ్గదిలోకి ఈవిడ ఎప్పుడు వచ్చిందని ఆవిడ అడిగిన తీరుకు ఆయనకు అరగవలసిన అన్నం అరగలేదు. పైనుంచి దానంతటదే వచ్చిందని ఆయన ప్రమాణం చేశారు. గంట తిరగకుండా సంఘం సమావేశమైంది. భార్యాభర్తల తగువు వారికి పట్టలేదు. వారిని నిర్ఘాంతపరచిన విషయం వేరు: ఐదో అంతస్తుకు వదిలిన నెట్టు గోడల్లోంచి, నేలలోంచి ఊటగా కారిపోతున్నది.

ఊట అన్న మాట వినగానే ఆ ముదుసలి ముఖాలలో వెలిగిన ఉత్సాహం వర్ణనాతీతం. ఇన్నాళ్ళూ ఏ శాస్త్రానికీ దొరకని నెట్టు చివరకు ఒక జబ్బు చేసి వాళ్ల ఆస్పత్రికి వచ్చింది. దానికి మందు వారికి కంఠతా వచ్చు. కాలువ గట్ల వెంట ఊట పోతుంటే లైనింగు చేయాలి, అంటే లోపలివైపు ఇంకని పూత పూయాలి. నెట్టు దేనిలోంచి ఇంకదని విచారించగా, రేకులోంచి ఇంకదని ఎవరో చదివి చెప్పారు. మరునాడే హోటళ్లలో బిరియానీ పొట్లాలు చుట్టే వెండిరంగు రేకు ఆటోల్లో దిగింది. టెంకాయ కొట్టి, చీఫ్ గారు మొదటి ముక్కను తమ చేతులతో అంటించారు. ఆ తరువాత ఆ వృద్ధుల హడావిడి చూడవలసిందే. ఇళ్ల గోడలకు, మెట్ల పక్కలకు, కప్పులకు, కిటికీ రెక్కలకు, తమ తమ రౌటర్లకు, ఆఖరుకు నెట్టు గదికి కూడా లోపలా వెలుపలా రేకు చుట్టారు. చవితి పందిళ్లు వేసేవాళ్లు కూడా వచ్చి, ఈ అలంకారం ఎవరి చేత చేయించారని వాకబు చేసి వెళ్లారు. సూర్యోదయవేళ సుజల నిలయం ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోవడం మరచిన పార్సిలులా ధగధగలాడేది.

లైనింగు ఫలితాన్ని పరీక్షించడానికి దశరథరామం గారి పడగ్గదిలో ఫోను తెరిచారు. పేరిందేవి లేదు. పేరిందేవే కాదు, ఏమీ లేదు. ఫోనుకుండే సొంత గీతలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. ఇంటింటా చూశారు, ఎక్కడా చుక్క లేదు. అందరూ ఫోన్లతో సరిపెట్టుకునేవారే గనుక భవనమంతటా నెట్టు వాడేవారే లేకుండాపోయారు. ఎక్కడా పారడం లేదు గనుక ఎక్కడా ఊట లేదు. బంగారయ్య చేత గేట్లన్నీ మూయించి, ప్రవాహ నష్టం సున్నా అని చీఫ్ గారు ప్రకటించారు. సర్వీసంతా తపించినా ఏ కాలువ మీదా ఆయనకు ఈ సున్నా దక్కలేదు. ఎవరికీ అందకపోవడం చేత ఎవరికీ తక్కువ అందలేదని, ఆయకట్టు చరిత్రలో ఇంతటి సమన్యాయం ఎరగమని విఘ్నేశ్వరం గారు అభినందన తీర్మానం చదివారు. రవ్వకేసరి పంచారు.

వకుళ వసారా మూల కూడా మూగబోయింది. ఆ రోజు పని పూర్తిగా పోయింది. సాయంత్రం వీధి చివర కొబ్బరిబొండాల బండి దగ్గరకు వెళ్లి నిలబడితే గాని ఫోనుకు ప్రాణం రాలేదు. వచ్చీరాగానే సంధ్యావళి కబురు మోగింది. మరునాడు పది గంటలకు ఆస్పత్రి పెద్ద సర్జను గారు స్వయంగా కూర్చుని చెబుతారు, ఆయనకు ఆలస్యం గిట్టదు, రేపు కూడా వకుళ గొంతు వినిపించకపోతే ఇక కబురు పెట్టవలసిన పని ఉండదు. అంతే ఉంది అందులో.

ఆమె మెట్లెక్కసాగింది. రేకు గోడల్లో తన ముఖమే వంకర టింకరగా పక్కన ఎక్కుతోంది. అత్తగారు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"డాక్టర్ల గొణుగుడు ముక్క పోకుండా పట్టుకుంటావు. ఈ ముసలాళ్లు గొంతు చించుకుని చెబుతుంటే నీకు ఎక్కదేమే?" అంది.

వకుళ చేతి ముద్ద చేతిలోనే ఆగింది. నిజమే. నెట్టు నీరు కాదని రుజువు చేయడానికి ఆమె ఈ రోజులన్నీ ధారపోసింది. డాక్టరు నొప్పిని నొప్పి అనకుండా ఇంకేదో అంటే, అది నొప్పేగా అని ఆమె ఏనాడూ వాదించలేదు. ఆయన అన్న మాటే టైపు చేసింది. ఇక్కడ మాత్రం వాదానికి దిగింది. నీరేనని ఒప్పుకుంటే పోయేదేముంది?

తెల్లవారింది. గోదావరికి వరద పోటెత్తిందని, బ్యారేజీ దగ్గర హెచ్చరిక ఎగరేశారని పత్రికల నిండా రాశారు. చీఫ్ గారు కింది వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ ఆ వార్తలను ఇతరులు పురాణాన్ని పారాయణం చేసినంత భక్తితో చదువుకుంటున్నారు. వకుళ వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక చిన్న సందేహమండీ. వీధిలోంచి మన జలాశయంలోకి ఇన్‌ఫ్లో ఆపించారాండీ?"

"ఆపడానికి మనమెవరం తల్లీ? అది రేయింబవళ్లు వచ్చి పడుతూనే ఉంటుంది."

"మరి అవుట్‌ఫ్లో ఎంత ఉందండీ?"

"సున్నా," అన్నారు చీఫ్ గారు, ఛాతీ విరుచుకుని.

ఆ రెండు జవాబులూ గాలిలో పక్కపక్కన నిలబడి ఒకదానినొకటి చూసుకున్నాయి. చీఫ్ గారి చేతిలో కాఫీ గ్లాసు పెదవులకూ ఒడికీ మధ్య ఆగిపోయింది. ఆయన ముఖంలో రంగు నెమ్మదిగా దిగింది.

"విఘ్నేశ్వరం," అని పిలిచారాయన. ఆ పిలుపుకు మొదటి అంతస్తునుంచి కార్యదర్శి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

గది తాళం తీశారు. లోపలా వెలుపలా రేకు చుట్టిన గది గనుక, ఆవిరి పట్టిన ఇడ్లీపాత్ర మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. పెట్టె మీద దీపాలన్నీ ఎర్రగా, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. విఘ్నేశ్వరం గారు దాని మీద చెయ్యి వేసి చటుక్కున తీసి, గట్టు కాగుతోందని నివేదించారు. చీఫ్ గారు తలపాగాలా తువ్వాలు చుట్టుకున్నారు. రిటైరయ్యాక మొదటిసారిగా ఆ క్షణంలో ఆయన వయసు తగ్గింది. లోతట్టు ప్రాంతాలను అప్రమత్తం చేయమని ఆజ్ఞ అయింది. లోతట్టు ప్రాంతమంటే కింది అంతస్తే గనుక, బంగారయ్య చీఫ్ గారి గుమ్మం ముందే కంచం వాయించాడు. ఆయన సతీమణి మారుమాటాడకుండా ఊరగాయ జాడీలను అటకెక్కించింది. అటువంటి ఇల్లాలు.

గేట్లు ఎత్తాలి, మిగులును దిగువకు వదలాలి. కాని ఎటు వదలాలి? ఒక్కసారిగా వచ్చి పడే వరదకు ఎవరి పైరు బలి కావాలి? ఈపాటికి అన్ని అంతస్తులవారూ వసారాలో చేరారు. మొదటి అంతస్తువారు నారుమడి వేసుకున్నారట. రెండో అంతస్తు, మూడో అంతస్తు పైర్లు పూతమీద ఉన్నాయట. దశరథరామం గారు చేతులు జోడించి, తమ ఇంట్లో వరి పొట్టమీద ఉన్నదని, ఈ ఒక్క కారుకు తమను విడిచిపెట్టమని ప్రాధేయపడ్డారు. నిన్నటినుంచి ఎవరింటా ఒక్క బొమ్మ కదలలేదన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. గోడ గడియారం పదికి దగ్గర పడుతోంది.

"మాది బీడేనండీ," అంది వకుళ. "ఈ కారులో చుక్క తడి ఎరగదు. మిగులంతా మా మీదికి వదిలేయండి."

ఊరి మేలుకోసం ప్రాణమిచ్చిన పుణ్యాత్ములను గురించి విన్నారే గాని, ఆ పెద్దలు ఎవరూ అంత దగ్గరగా చూడలేదు. చీఫ్ గారి కళ్లు చెమర్చాయి. నష్టపరిహారం అడగబోరు కదా అని విఘ్నేశ్వరం గారు మాత్రం కన్నీళ్ల మధ్యనే అడిగి రూఢి చేసుకున్నారు. తక్కిన గేట్లన్నీ బిగించి, ఐదో అంతస్తు గేటు ఒక్కటీ పూర్తిగా ఎత్తించారు. భవనం మొత్తానికి వచ్చే నెట్టంతా ఒకే ఒక సన్న తీగలోకి ఎగబాకింది. అది ఎక్కగలదా అని ఆ సమయంలో ఎవరికీ అనుమానం రాలేదు.

వకుళ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు వేసుకునేసరికి రౌటరు మీద దీపాలన్నీ పచ్చగా, ప్రసన్నంగా ఉన్నాయి. చెవులకు గొట్టాలు తగిలించుకుంది. సర్జను గారు గొంతు సవరించుకోవడం పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించింది. ఆయన కాఫీలో చక్కెర కలుపుకోవడం, కలిపిన చెంచాను సాసరులో పెట్టడం కూడా వినిపించాయి. మధ్యలో బంగారయ్య తలుపు కొట్టి, వరద మీ మీదికి మళ్లింది, ఎత్తైన చోటికి చేరుకోండని కేకవేసి పోయాడు. పేరిందేవమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని జపమాల తిప్పుతూ, తన మోకాళ్లదాకా వస్తే తానే చెబుతానని, అంతదాకా అరవవద్దని సమాధానమిచ్చింది. రెండు గంటలకు సర్జను గారు లేచారు. ఆ వెంటనే సంధ్యావళి నవ్వుతూ పలికింది. సర్జను గారికి నచ్చింది, పరీక్ష ముగిసింది, రేపటినుంచి ఉద్యోగం ఖాయం.

రేపటినుంచి అన్న మాట దగ్గర వకుళ సంతోషం తట్టుకుని ఆగింది. వరద ఇవాళ్టిది. రేపు గేటు దించేస్తే?

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. వరద నష్టాల అంచనా బృందం వేంచేస్తున్నది. ముందు చీఫ్ గారు గడప దాటారు. దాటేముందు ఆయన అలవాటుగా పంచెను మోకాళ్ల పైదాకా ఎత్తిపట్టుకున్నారు. ఆయన వెనక వచ్చినవారంతా ప్యాంట్లు మడుచుకున్నారు. విఘ్నేశ్వరం గారు కొలత కర్రను హాలు మధ్య నిలబెట్టి, వరద నీరు ఎంతవరకు వచ్చిందో పరికించి చూసి, గోడ రేకు మీద ఎర్ర గీత గీశారు. గీత పేరిందేవమ్మ మంచం పట్టెకు కాస్త దిగువన పడింది. కాళ్లు ముడుచుకోవడం మంచిదైందని ఆయన ఆవిడను మెచ్చుకున్నారు. ఐదో అంతస్తు పూర్తిగా మునిగినదని, భగవదనుగ్రహం వల్ల కింది అంతస్తు క్షేమంగా ఉన్నదని ఆయన పలుకుతుంటే మరొకరు రాసుకున్నారు.

"అమ్మా, తమరి త్యాగం ఊరికే పోదు," అన్నారు చీఫ్ గారు. "కాని జలాశయానికి మిగులు దారి మూయడమంటే మేము చెయ్యి చాపి ప్రమాదాన్ని పిలవడమే. కనుక ఈ ఇంటిని శాశ్వత ముంపు ప్రాంతంగా ప్రకటిస్తున్నాం."

ముంపు ప్రాంతంలో మనుషులను ఉంచడానికి నిబంధనలు ఒప్పవని, కుటుంబం ఖాళీ చేయవలసి ఉంటుందని విఘ్నేశ్వరం గారు కొనసాగించారు. వకుళ, కొత్త డాక్టరు గొంతులోంచి ఒక తెలిసిన మాట ఏరుకున్నట్టు, తల ఎత్తింది.

"తప్పకుండా వెళ్తామండీ. పునరావాసం ఎక్కడ చూపిస్తారో చెప్పండి."

విఘ్నేశ్వరం గారు జవాబు మొదలుపెట్టారు. మొదట సామాజిక సర్వే జరగాలి, తరువాత అర్హుల గుర్తింపు, దాని మీద అభ్యంతరాలు, అభ్యంతరాల మీద విచారణ, స్థల సేకరణ, సవరించిన అంచనాలు, సవరించిన అంచనాల మీద మళ్లీ సవరణ. చెబుతూ చెబుతూ ఆయనకే ఊపిరి ఆడక కుర్చీలో కూర్చున్నారు.

"అవన్నీ పూర్తయ్యేదాకా మా గేటు దించుతారాండీ?"

"ముంపు ప్రాంతానికి గేటు ఏమిటమ్మా?" అన్నారాయన, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

చీఫ్ గారు పంచె ఇంకా ఎత్తిపట్టుకునే ఉన్నారు. తన చేతుల మీదుగా కట్టించిన జలాశయాలన్నింటినీ, వాటి కింద మునిగిన ఊళ్లన్నింటినీ ఆయన మనసులోనే ఒక ప్రదక్షిణం చుట్టి వచ్చినట్టున్నారు. వకుళ ముఖంలోకి చాలాసేపు చూశారు. తరువాత పంచె వదిలేశారు. అది పొడిగా పాదాల మీద వాలింది.

"అయితే నీకేం దిగులు లేదు తల్లీ," అన్నారు. "నీ ఉద్యోగంలో నువ్వు రిటైరయ్యేదాకా ఈ ఇంట్లోనే ఉంటావు."